తన అన్నంత మాత్రాన తనదైపోదు: పాల కేంద్రం ప్రోగ్రాము డైరీ

జూన్ 1, ఆదివారం

ఒంగోలు దగ్గర మా ఊళ్లో బాబాయి పాల కేంద్రం నడుపుతాడు. ఈ నెలంతా ఇక్కడే ఉండి ఆఫీసు పని చేసుకుంటున్నాను కాబట్టి, సాయంత్రాలు కూర్చుని కేంద్రం లెక్కలకు ఒక ప్రోగ్రాము రాసిపెట్టాలని మొదలుపెట్టాను.

కేంద్రంలో 42 కార్డులున్నాయి, పాలు పోసే రైతుకొకటి. పాలు పోసేటప్పుడు ఎవరినీ పేరు పెట్టి పిలవరు, అంతా నంబర్లే. "ఇరవై ఏడు... మూడున్నర... ఆరు ఎనిమిది" అని పిన్ని మిషన్ దగ్గర నుంచి చెబుతుంటే బాబాయి పుస్తకంలో రాసుకుంటాడు. అంటే 27వ నంబరు కార్డు, మూడున్నర లీటర్లు, ఫ్యాట్ (పాలలో వెన్న శాతం) 6.8 అన్నమాట. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. పది రోజులకోసారి బిల్లు. బిల్లు కట్టే రాత్రి ఇద్దరూ కాలిక్యులేటరు ముందేసుకుని పన్నెండింటిదాకా మేలుకుంటారు. ఆ రాత్రులు తగ్గించాలనే నా ప్రయత్నమంతా.

లెక్క పెద్దదేం కాదు. లీటర్లను 1.03తో గుణిస్తే కిలోలు వస్తాయి, ఎందుకంటే పాలు నీళ్లకన్నా కొంచెం బరువు. ఆ కిలోలలో ఫ్యాట్ శాతం ఎంతో చూస్తే వెన్న కిలోలు తేలతాయి. కిలో వెన్నకు డెయిరీ ఇచ్చే రేటు ఇప్పుడు 800. 27వ నంబరు ఈ పొద్దున పోసిన పాలకు 3.605 కిలోలు, అందులో 0.24514 కిలోల వెన్న, సొమ్ము 196 రూపాయల 11 పైసలు. పుస్తకంలోనూ అంతే ఉంది.

బాబాయి పుస్తకం ఎలా ఉంటుందో ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ముందుముందు పనికొస్తుంది. అట్ట తిప్పగానే మొదటి పేజీలో రేటు ఉంటుంది, ఒక్కచోటే. లోపల కార్డుకొక పేజీ. ఆ పేజీలో లీటర్లు, ఫ్యాట్ ఉంటాయి కానీ రేటు ఉండదు. రేటు కావాలంటే మొదటి పేజీకి వెళ్లి చూసుకోవాలి.

జూన్ 2

ప్రోగ్రాము రాసే భాష పైథాన్. ఆఫీసులో నేను రాసేది జావా, కానీ ఇంత చిన్న పనికి పైథాన్ తేలిక. ఇంకో కారణం కూడా ఉంది. పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి, అంటే 2008 నుంచి, వేరియబుల్ (విలువ దాచుకునే గడి) పేర్లు మన లిపిలోనే పెట్టుకోవచ్చు. బాబాయి పక్కన కూర్చుని స్క్రీన్ చూస్తే కనీసం పేర్లైనా ఆయనకు అర్థం కావాలని అన్నీ తెలుగులోనే పెడుతున్నాను. క్లాసు అంటే ఒక రకం వస్తువులన్నిటికీ అచ్చు లాంటిది. దాని పేరు రైతు, లోపల కార్డు, పూటలు, రేటు.

క్లాసు లోపలి ఫంక్షన్లకు మొదటి పారామీటరుగా (ఏ వస్తువు మీద పని చేయాలో చెప్పే పేరుగా) అందరూ సెల్ఫ్ అని రాస్తారు కదా, అది కేవలం అలవాటు. భాష పెట్టిన నియమం కాదు, ఏ పేరైనా పెట్టుకోవచ్చు. నేను "తన" అని పెట్టాను.

తన.కార్డు = కార్డు

చదివితే తెలుగులాగే ఉంది. తన కార్డు, తన లీటర్లు, తన పూటలు. ఈ లైను రాశాక చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను, అంత నచ్చింది.

ఒక చిక్కు మాత్రం గంటసేపు తిప్పలు పెట్టింది. ముందు ఒక పేరు "రీడింగ్‌లు" అని పెట్టాను. సింటాక్స్ ఎర్రర్ వచ్చింది, కనిపించని అక్షరం ఏదో ఉంది, యూ ప్లస్ 200సి అని. గ్ కింద ల ఒత్తుగా చేరకుండా విడిగా కనపడాలంటే కీబోర్డు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది. చదివేవాళ్లకు అది అవసరమే, పైథాన్ మాత్రం పేర్లలో దాన్ని ఒప్పుకోదు. అందుకని పొల్లుతో ఆగి, దాని పక్కన ఇంకో అక్షరం వచ్చే మాటలు మానేసి "పూటలు" లాంటి శుభ్రమైన పేర్లు ఏరుకున్నాను. తెలుగులో కోడ్ రాయాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

జూన్ 3

క్లాసు ఒళ్లో, అంటే ఫంక్షన్ల బయట, రెండు లైన్లు పెట్టాను ([] అంటే ఖాళీ జాబితా).

రేటు = 800
పూటలు = []

పాలు పోసినప్పుడు నడిచే ఫంక్షన్‌లో ఇంకో లైను.

తన.పూటలు += [లీటర్లు]

మూడు కార్డులతో పరీక్ష. 14వ నంబరు 2 లీటర్లు, 27వ నంబరు 3.5, 31వ నంబరు 4. ఎవరి కార్డు అడిగినా 9.5 అంటోంది. ముగ్గురి పాలూ ఒకే క్యానులో కలిసిపోయాయి. క్యానులో కలిస్తే పరవాలేదు, పుస్తకంలో కలిస్తే కేంద్రం మూసుకోవాల్సిందే.

తప్పు ఎక్కడిదో సగం వెంటనే తెలిసింది. అది జావా అలవాటు. జావాలో క్లాసు ఒళ్లో ఏదైనా రాస్తే అది ఒక్కో ఆబ్జెక్టుకు విడివిడిగా వస్తుంది. అందరికీ ఒకటే కావాలంటే స్టాటిక్ అని ప్రత్యేకంగా చెప్పాలి. పైథాన్‌లో ఇది తిరగబడి ఉంటుంది. క్లాసు ఒళ్లో రాసింది క్లాసుదే, అంటే మొదటి పేజీది. ఒక్కో ఇన్‌స్టెన్సుకు (క్లాసు నుంచి తయారైన ఒక్కో వస్తువుకు, ఇక్కడ ఒక్కో రైతుకు) సొంతంగా కావాలంటే, అది పుట్టేటప్పుడు నడిచే ఫంక్షన్ అయిన ఇనిట్‌లో తన. అని రాసి ఇవ్వాలి.

మిగతా సగం అర్థం కావడానికి రాత్రి పదకొండయింది. వార్స్ అనే ఫంక్షన్‌కు ఒక ఇన్‌స్టెన్సును ఇస్తే దాని సొంత డబ్బాలో ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. 14వ నంబరును ఇచ్చి చూస్తే అందులో పూటలు ఉంది! 27లోనూ ఉంది, 31లోనూ ఉంది. సొంత డబ్బాలో సొంత జాబితా ఉంటే మరి ఎందుకు కలుస్తున్నాయి?

ఐడి, అంటే ఏ వస్తువో చెప్పే గుర్తింపు నంబరు, అడిగి చూశాను. ముగ్గురి దగ్గరా ఉన్నది ఒకే జాబితా. మూడు పేర్లు, వస్తువు మాత్రం ఒకటే. కారణం ఆ += గుర్తులో ఉంది. చూడటానికి ఒక్క గుర్తు కానీ అది మూడు పనులు చేస్తుంది. ముందు తన.పూటలు ఏమిటో చదువుతుంది. సొంత డబ్బాలో లేదు కాబట్టి క్లాసుకు వెళ్లి అక్కడి జాబితాను తెస్తుంది. తర్వాత ఆ జాబితాకే, కొత్తది చేయకుండా, లీటర్లు కలుపుతుంది. చివరగా ఆ జాబితానే తెచ్చి తన డబ్బాలో కూడా పెట్టుకుంటుంది. ఉమ్మడి వస్తువు మీద సొంత చీటీ అంటించినట్టన్నమాట.

దిద్దుబాటు ఒక్క లైను. క్లాసు ఒళ్లోంచి తీసేసి ఇనిట్‌లో పెట్టాను.

తన.పూటలు = []

ఇప్పుడు ఒక్కో రైతు పుట్టినప్పుడే కొత్త ఖాళీ జాబితా పుడుతుంది. 2, 3.5, 4. వేరువేరుగా వచ్చాయి.

జూన్ 5

బాబాయి కొత్త సంగతి చెప్పాడు. 31వ నంబరు వాళ్లు చెరువు అవతల నుంచి వస్తారు. వాళ్లు ఇంకో కేంద్రానికి పోకుండా ఉండాలని కిలో వెన్నకు 10 రూపాయలు తన కమీషన్‌లోంచి కలిపి ఇస్తాడట. "పుస్తకంలో వాళ్ల పేజీ పైన పెన్సిల్‌తో రాసి ఉంటది చూడు అబ్బాయ్" అన్నాడు. చూశాను, 810 అని ఉంది.

రైతు31.రేటు += 10

పరీక్షించాను. 31కి 810, మిగతా అందరికీ 800. అంకెలు జాబితాల్లా కాదు, ఉన్నదాన్ని పెంచడం కుదరదు, కొత్త అంకె వస్తుంది. కాబట్టి చదవడం క్లాసులోంచి జరిగింది, రాయడం 31 సొంత డబ్బాలోకి జరిగింది. క్లాసులోని 800 కదలలేదు. బాబాయి పెన్సిల్‌తో రాసినట్టే ఉంది.

ఇక్కడ ఆగి నియమం రాసుకున్నాను. చదివేటప్పుడు ముందు కార్డు పేజీ చూస్తుంది, అక్కడ గడి ఖాళీగా ఉంటే మొదటి పేజీకి వెళ్తుంది. రాసేటప్పుడు మాత్రం ఎప్పుడూ కార్డు పేజీలోనే రాస్తుంది. చదివే దారి ఒకటి, రాసే దారి ఇంకొకటి. తన.రేటు అని రాసి ఉన్నంత మాత్రాన అది తనదే అనుకోకూడదు. అప్పటికి అది ఉమ్మడిదీ కావచ్చు.

జూన్ 7, శనివారం

ఇవాళ పిన్ని స్వయంగా టైపు చేసింది. మూడో కార్డుకే చుక్క పడలేదు, 6.8 బదులు 68 పడింది. 3.5 లీటర్లకు 1,961 రూపాయలు చూపించింది. పొద్దున ఆరింటికి, పది మంది క్యాన్లతో నిలబడి ఉంటే అంత జాగ్రత్తగా టైపు చేయమనడం న్యాయం కాదు. ప్రోగ్రామే పట్టుకోవాలి.

అందుకు ప్రాపర్టీ సరిపోతుంది. బయటికి మామూలు విలువలా కనిపిస్తుంది, లోపల మాత్రం ఫంక్షన్ నడుస్తుంది. పూట అని ఇంకో క్లాసు పెట్టి, ఒక్కో పూట పోసిన పాలను ఒక ఇన్‌స్టెన్సు చేశాను. ఫ్యాట్‌ను అందులో ప్రాపర్టీగా పెట్టి, విలువ రాసేటప్పుడు నడిచే ఫంక్షన్ అయిన సెట్టర్‌లో 3 కంటే తక్కువైనా 12 కంటే ఎక్కువైనా ఒప్పుకోవద్దని రాశాను. మా దగ్గరకు వచ్చేవి గేదె పాలే, ఆ హద్దులు చాలు.

సెట్టర్ చివర ఇలా రాశాను.

తన.ఫ్యాట్ = విలువ

నడిపితే స్క్రీన్ నిండా అదే లైను, అదే లైను, చివర్లో రికర్షన్ ఎర్రర్. తన.ఫ్యాట్ కు రాయడమంటే మళ్లీ సెట్టర్‌ను పిలవడమే. ఆ సెట్టర్ మళ్లీ అదే లైను దగ్గరికి వస్తుంది, మళ్లీ తననే పిలుస్తుంది. పైథాన్ మామూలుగా 1000 మెట్ల దగ్గర ఆపేస్తుంది. అసలు విలువను దాచడానికి వేరే పేరు కావాలి.

తన._ఫ్యాట్ = విలువ

ముందున్న ఆ గీత "ఇది లోపలి సంగతి, బయట నుంచి ముట్టుకోవద్దు" అని చెప్పే మర్యాద. తాళమేం వేయదు, కానీ చదివేవాళ్లకు అర్థమవుతుంది.

సాయంత్రం పిన్ని కావాలనే 68 కొట్టి చూసింది. "ఫ్యాట్ సరిచూడండి" అని వచ్చింది. రెండు సార్లు కొట్టింది, రెండు సార్లూ వచ్చింది. "ఇక నేను కొడతాలే" అంది.

కిలోలు, వెన్న, సొమ్ము ఈ మూడూ కూడా ప్రాపర్టీలే చేశాను, సెట్టర్ లేకుండా. ఇవి దాచుకునే విలువలు కావు, అడిగినప్పుడల్లా లెక్కకట్టేవి. ఎవరైనా పూట1.సొమ్ము = 200 అని బలవంతంగా రాయబోతే ఎర్రర్ వస్తుంది. ఇది బాగుంది. లీటర్లు మార్చితే సొమ్ము దానంతటదే మారుతుంది, రెండూ పొంతన లేకుండా ఉండే ప్రమాదమే లేదు. రూపాయలకు డెసిమల్ (దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే అంకె) వాడాను, ఫ్లోట్ (దగ్గరి విలువగా దాచే అంకె) వాడితే పైసల దగ్గర తేడా వస్తుంది.

జూన్ 8, ఆదివారం

తెలుగు పేర్లతో ఇంకో కొత్త చిక్కు. ఒకచోట ఇలా రాశాను.

పూట1.ప్యాట్ = 7.1

మళ్లీ చదవండి. ఫ్యాట్ కాదు, ప్యాట్. ప కింద ఆ చిన్న గీత లేదు. స్క్రీన్ మీద ఈ అక్షరాల సైజులో అది కంటికి ఆనదు. పైథాన్ ఏమీ అనలేదు. ప్యాట్ అనే కొత్త గడి తెరిచి 7.1 అందులో పెట్టేసింది. అసలు ఫ్యాట్ పాత 6.4 దగ్గరే ఉంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, బిల్లు మాత్రం తప్పు. రైతుకు రావాల్సిన డబ్బు తగ్గింది. ఇలా చప్పుడు చేయని తప్పులంటేనే నాకు భయం.

దీనికి పైథాన్‌లో స్లాట్స్ ఉంది. క్లాసులో ఈ పేర్లు తప్ప ఇంకేవీ ఉండకూడదని జాబితా ఇచ్చేయొచ్చు. పూట క్లాసుకు లీటర్లు, _ఫ్యాట్, తేదీ, రైతు అని నాలుగే ఇచ్చాను. ఫ్యాట్ అనే పేరును ఇవ్వలేదు, అది ప్రాపర్టీగా క్లాసులో ముందే ఉంది కాబట్టి ఇస్తే ఢీకొంటుంది. ఇప్పుడు ప్యాట్ అని రాస్తే అట్రిబ్యూట్ ఎర్రర్ (అలాంటి పేరు లేదన్న తప్పు) వచ్చి అక్కడికక్కడే ఆగిపోతుంది.

రైతు క్లాసుకు కూడా పెట్టాలి. ఇవాళ్టికి నిద్ర వస్తోంది.

జూన్ 11, బుధవారం

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

పొద్దున డెయిరీ నుంచి మెసేజ్ వచ్చింది, ఇవాళ్టి నుంచి కిలో వెన్న 820. నేను వెంటనే ఒక్క లైను మార్చాను.

రైతు.రేటు = 820

మొదటి పేజీలో ఒక్క అంకె కొట్టేసి రాసినట్టు, ఒక్క చోట మార్చితే అందరికీ మారింది. పొద్దున పూట పాలకు నేను చూసినవన్నీ 820 తో వచ్చాయి. క్లాసు అట్రిబ్యూట్ (క్లాసులోనే ఉండే విలువ) గొప్పతనం ఇదే అని సంతోషపడ్డాను.

సాయంత్రం, 1 నుంచి 10వ తేదీ దాకా బిల్లులు తీశాను. పంచబోయే ముందు బాబాయి ఒక్కో కాగితం తిప్పుతూ వచ్చాడు. 31వ నంబరు దగ్గర ఆగాడు. "వీళ్లకు పది ఎక్కువ ఇవ్వమంటే అందరికన్నా తక్కువ వేశావే?" అన్నాడు. నిజమే. అందరి బిల్లు మీదా రేటు 820, 31 బిల్లు మీద 810.

ఆ ఒక్కటి ఎందుకు మారలేదో నాకు వెంటనే తెలుసు. 5వ తేదీన += కొట్టినప్పుడే 31కి సొంత రేటు గడి తయారైంది. చదివేటప్పుడు ముందు సొంత పేజీ. అక్కడ 810 దొరికింది కాబట్టి మొదటి పేజీకి వెళ్లనే లేదు. మొదటి పేజీలో ఎన్నిసార్లు కొట్టేసి రాసినా 31కి తెలియదు. 830 చేద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను.

అప్పుడు బాబాయి పాత పుస్తకం తీసి సరిచూసుకుంటూ, "ఆగు, 31ది సరిపోయింది" అన్నాడు. పుస్తకంలో 5.750 కిలోల వెన్న, 810 చొప్పున 4,657.50. కాగితం మీదా అంతే. తర్వాత 27 చూశాడు. పుస్తకంలో 4.880 కిలోలకు 3,904. కాగితం మీద 4,001.60.

ఒళ్లు చల్లబడింది. 31 బిల్లు తప్పు కాదు. మిగతా 41 తప్పు. పాత పది రోజులూ డెయిరీ రేటు 800. కానీ సొమ్మును నేను ప్రాపర్టీ చేశాను కదా, అడిగినప్పుడల్లా లెక్కకట్టేలా. అది లెక్కకట్టే క్షణాన మొదటి పేజీలో ఏ రేటుంటే దానితో కడుతుంది. జూన్ 2న పోసిన పాలకూ ఇవాళ్టి 820 వేసింది. మొత్తం 3,665 రూపాయలు ఎక్కువ. పంచి ఉంటే ఆ డబ్బు బాబాయి జేబులోంచి పోయేది, లేకపోతే 41 ఇళ్లకు వెళ్లి తిరిగి అడగాల్సి వచ్చేది. ఆ రెండోది ఊళ్లో జరిగే పని కాదు.

సరిగ్గా ఉన్న ఒక్క బిల్లు ఎందుకు సరిగ్గా ఉందంటే, దాని రేటు దాని దగ్గరే ఆగిపోయింది కాబట్టి. నేను తప్పు అనుకున్నదానిలోనే కావాల్సిన జవాబు ఉంది.

జూన్ 12

నిన్న రాత్రి చాలాసేపు ఒక్కటే ప్రశ్న వేసుకున్నాను. రేటు ఎవరిది?

రైతుది కాదు. రైతు క్లాసులో పెట్టడమే మొదటి పొరపాటు. రేటు మొదటి పేజీది, అంటే కేంద్రానిది. కానీ పాలు పోసిన క్షణంలో ఆ పూటకు ఏ రేటు వర్తించిందో, అది ఇక ఆ పూటదే. రేపు కేంద్రం రేటు మారినా నిన్నటి పూట రేటు మారకూడదు. బాబాయి పుస్తకంలో ఇది దానంతటదే జరుగుతుంది. సిరాతో రాసిన మొత్తం మళ్లీ మారదు కదా. నా ప్రోగ్రాములో మాత్రం సిరా ఎక్కడా లేదు.

కాబట్టి పూట స్లాట్స్ జాబితాలో రేటును కూడా చేర్చి, పూట పుట్టేటప్పుడే దాన్ని కాపీ చేసుకునేలా ఇనిట్‌లో పెట్టాను.

తన.రేటు = రైతు.చెల్లింపురేటు

ఇక్కడ రైతు అంటే క్లాసు కాదు, పాలు పోసిన ఆ మనిషి ఇన్‌స్టెన్సు. రెండిటికీ ఒకే పేరు గందరగోళంగా ఉందని దాన్ని "పోసినరైతు" అని మార్చాను. చెల్లింపురేటు అనేది ప్రాపర్టీ, కేంద్రం రేటుకు రైతు అదనం కలిపి ఇస్తుంది. 31కి అదనం 10, మిగతావాళ్లకు 0. దాచేది అదనం మాత్రమే, మొత్తం రేటు కాదు. అలాగైతే కేంద్రం రేటు పెరిగినప్పుడు 31కి కూడా దానంతటదే 830 వస్తుంది.

సొమ్ము ఇంకా ప్రాపర్టీగానే ఉంది, కానీ ఇప్పుడు తన.రేటు చూసి లెక్కకడుతుంది. ఈసారి ఆ తన నిజంగా తనదే.

ఆగిపోయిన పని, రైతు క్లాసుకు స్లాట్స్, అది కూడా పెట్టాను. పెట్టగానే 5వ తేదీన రాసిన ఆ పాత లైను దగ్గర ప్రోగ్రాము ఆగింది. రేటు రాయడానికి వీల్లేదు, చదవడానికి మాత్రమే అని. క్లాసులో ఉన్న పేరును ఇన్‌స్టెన్సు మీద రాయాలంటే సొంత గడి ఉండాలి, స్లాట్స్ జాబితాలో రేటు లేదు కాబట్టి ఆ గడి లేదు. 8వ తేదీ రాత్రి నిద్ర ఆపుకుని ఇది పెట్టి ఉంటే రేటు ఎవరిదన్న ప్రశ్న మూడు రోజుల ముందే ఎదురయ్యేది. ఆ లైను, క్లాసులోని రేటు, రెండూ తీసేశాను.

అదనం కూడా ముందు క్లాసులో 0 అని పెట్టి 31కి మాత్రం సొంతంగా ఇద్దామనుకున్నాను. మామూలు క్లాసులో అది మంచి పద్ధతే, అంకె కాబట్టి జాబితాలా కలిసిపోదు. కానీ ఒకే పేరు క్లాసులోనూ స్లాట్స్‌లోనూ ఉంటే పైథాన్ క్లాసునే తయారు చేయనివ్వదు. సరే, ఇనిట్‌లో పారామీటరుకు 0 అని ఇచ్చి ఊరుకున్నాను.

పాత పూటలకు ఎస్‌క్యూలైట్ (పూటలన్నీ దాచే డేటాబేసు) పట్టికలో రేటు అనే కొత్త గడి చేర్చి, పుస్తకం చూసుకుంటూ 800, 31కి 810 నింపాను. బిల్లులు మళ్లీ తీశాను. 27కి 3,904.00. 31కి 4,657.50. కేంద్రం మొత్తం 1,51,257.50. బాబాయి పుస్తకంతో పైసలతో సహా సరిపోయింది. పొద్దున పంచాం.

జూన్ 15, ఆదివారం

ఇవాళ రాసింది తక్కువ, చదివింది ఎక్కువ. ప్రాపర్టీకి ఇంత అధికారం ఎక్కడి నుంచి వస్తుందని నాకు అనుమానం. సొంత పేజీ ముందు చూడాలన్న నియమం ఉంటే, సొంత డబ్బాలో అదే పేరుతో ఇంకోటి పెట్టి ప్రాపర్టీని తప్పించుకోవచ్చు కదా?

కుదరదు. 5వ తేదీన నేను రాసుకున్న నియమంలో ఒక మెట్టు తక్కువైంది. పైథాన్ అన్నిటికన్నా ముందు క్లాసు వైపు ఒకసారి తొంగి చూస్తుంది. అక్కడ ఆ పేరుతో చదవడాన్నీ రాయడాన్నీ తన చేతిలో పెట్టుకునే డిస్క్రిప్టర్ ఉంటే దానిదే మాట. ప్రాపర్టీ అలాంటి డిస్క్రిప్టరే, సెట్టర్ రాయకపోయినా సరే. అలాంటిది లేకపోతేనే సొంత డబ్బా, అక్కడా లేకపోతే క్లాసులోని మామూలు విలువ. ఈ ఏర్పాటు 2001లో పైథాన్ 2.2తో వచ్చింది. స్లాట్స్ గడులు కూడా లోపల డిస్క్రిప్టర్లే అని తెలిశాక, 12వ తేదీన ఒకే పేరు రెండుచోట్ల ఎందుకు ఢీకొన్నదో అర్థమైంది. క్లాసులో ఆ పేరుకు ఉన్నది ఒకటే చోటు, అందులో గడి ఉండాలి లేదా 0 ఉండాలి.

క్లాసు అన్న ఆలోచన నార్వేలో డాల్, నీగార్డ్ కలిసి చేసిన సిమ్యులా 67 నుంచి వచ్చింది. క్లాసు లోపలి వాటిని అట్రిబ్యూట్లు అనడం కూడా అందులో ఉంది. సిమ్యులా పుట్టిందే నిజ ప్రపంచంలో జరిగే పనులను కంప్యూటర్లో నడిపి చూడటానికి. మా పాల కేంద్రం ఆ పనికి చక్కగా సరిపోతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బాబాయి ఇంకో మాట అన్నాడు. పక్క ఊరి కేంద్రం కూడా వచ్చే నెల నుంచి ఆయనే చూసుకోవాలట, వేరే డెయిరీ, వేరే రేటు. నేను 12న రేటును పాలకేంద్రం అనే క్లాసు మీద పెట్టాను. కేంద్రం ఒక్కటే అనుకున్నంతసేపు అది సరిపోయింది. రెండు కేంద్రాలకు రెండు మొదటి పేజీలు ఉంటాయి కాబట్టి రేటును కేంద్రం ఇన్‌స్టెన్సు మీదకు దింపాను. రైతు ఇప్పుడు ఏ కేంద్రానికి పోస్తాడో తన దగ్గర పెట్టుకుంటాడు.

ఇంత దింపుడు అయ్యాక క్లాసు మీద మిగిలింది ఒక్కటే, పూట క్లాసులో సాంద్రత = 1.03. అది ఏ రైతుదీ కాదు, ఏ కేంద్రానిదీ కాదు, తేదీని బట్టీ మారదు. ఎవరైనా ఒక పూట మీద దాన్ని మార్చబోతే స్లాట్స్ ఒప్పుకోదు.

జూన్ 21, శనివారం

11 నుంచి 20 దాకా బిల్లు. రాత్రి ఏడున్నరకు బటన్ నొక్కాను. బాబాయికి ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు, 11వ తేదీ తర్వాత కుదరకపోవడం సహజమే. తనూ పక్కన పుస్తకంలో కట్టి ఉంచాడు. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో కార్డు టిక్కు పెడుతూ వచ్చాడు. 27కి 820, 31కి 830. టిక్కు. టిక్కు.

14వ నంబరు దగ్గర 9 రూపాయలు తేడా. నా గుండె ఆగినంత పనైంది. ఇద్దరం కలిసి ఇరవై పూటలూ ఒక్కొక్కటే చదివాం. 17వ తేదీ సాయంత్రం పుస్తకంలో ఫ్యాట్ 6.1 ఉంటే స్క్రీన్ మీద 6.7. పిన్నిని పిలిచి అడిగితే మిషన్ చీటీ వెతికి తెచ్చింది, 6.7. బాబాయి ఒకటిని ఏడు చేసి, మొత్తం దిద్ది, టిక్కు పెట్టాడు.

తొమ్మిదింటికి పని అయిపోయింది. పక్క ఊరి కేంద్రం పుస్తకం బల్ల మీద పెట్టాడు, చూడమని. తెరిచి చూస్తే సగం కార్డులు ఆవు పాలవి. అక్కడ వెన్న ఒక్కటే చూసి డబ్బు కట్టరు, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) కూడా చూస్తారు. అంటే సొమ్ము ప్రాపర్టీ ఒకే సూత్రంతో నడవదు. పూట కింద గేదెపూట, ఆవుపూట అని రెండు క్లాసులు చేసి, సొమ్మును ఒక్కోదానిలో విడిగా రాయాలనుకుంటున్నాను. పిన్ని 1 కొడితే గేదె, 2 కొడితే ఆవు. రేపు ఆదివారం, పొద్దున పూట అయ్యాక కూర్చుంటాను.